నలుపు తెలుపు నెగెటివ్‌ల స్కానింగ్: హైలైట్ల వివరం

నలుపు తెలుపు ఫిల్ము మీద వెండి రేణువుల రూపంలో నిలిచిన వ్యతిరేక ప్రతిబింబాన్ని కాంతి సాయంతో కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చి, వాటినుంచి చూడదగిన ఛాయాచిత్రాన్ని తయారుచేసే ప్రక్రియను నెగెటివ్ స్కానింగ్ అంటారు. ఈ ప్రక్రియలో అన్నింటికన్నా ముందు చెడిపోయేది హైలైట్ల వివరం, అంటే దృశ్యంలో అత్యధికంగా వెలుగు పడిన భాగాలలో ఉండే సున్నితమైన ఛాయాభేదాలు: తెల్ల పంచె మడతలు, జడలోని మల్లెపూల రేకులు, సున్నం కొట్టిన గోడ గరుకుదనం, ఎండపట్టిన మబ్బు అంచులు. చీకటిగదిలో ఎన్‌లార్జర్ కింద చక్కగా ప్రింటు ఇచ్చిన నెగెటివే స్కానర్‌లో పెట్టేసరికి పంచె మొత్తం ఒకే తెల్లని మచ్చగా రావడం తరచుగా జరిగేదే. దీనికి స్కానర్ చాలకపోవడమే కారణమని చెప్పడం పరిపాటి అయినా, చాలా సందర్భాలలో ఆ వివరం నెగెటివ్‌లో భద్రంగానే ఉంటుంది, స్కానర్ దాన్ని చదవగలుగుతుంది కూడా; కాంతి చెదరడం వల్లనో, సాఫ్ట్‌వేర్ వేసే కోత వల్లనో, నెగెటివ్‌ను పాజిటివ్‌గా తిరగవేసే లెక్క వల్లనో అది నడుమ ఎక్కడో జారిపోతుంది.

సాంద్రత అనే కొలత

ఫిల్ము పూతలోని సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు కాంతి తగిలిన మేరకు డెవలపర్‌లో లోహపు వెండిగా మారతాయి; కాంతి తగలనివి ఫిక్సర్‌లో, అంటే స్టూడియోలలో హైపో అని పిలిచే ద్రావణంలో కరిగిపోతాయి. అందువల్ల దృశ్యంలో వెలుగు ఎంత ఎక్కువగా ఉంటే నెగెటివ్‌లో ఆ చోట వెండి అంత దట్టంగా పేరుకుంటుంది. ఈ దట్టాన్ని సాంద్రత అనే అంకెతో కొలుస్తారు. ఫిల్ము మీద పడిన కాంతిలో ఎంత వంతు అవతలికి దాటిందో ఆ నిష్పత్తిని ప్రసరణ అంటారు. దాన్ని తిరగవేసి, 10 ఆధారంగా సంవర్గమానం తీసుకుంటే వచ్చేదే సాంద్రత. సాంద్రత 0.3 ఉన్నచోట కాంతి సగమే దాటుతుంది, 1.0 వద్ద పదో వంతు, 2.0 వద్ద నూరో వంతు, 3.0 వద్ద వెయ్యో వంతు మాత్రమే దాటుతుంది. కెమెరాలో ఒక స్టాప్ అంటే కాంతి రెట్టింపు కావడమో సగం కావడమో కాబట్టి, 0.3 సాంద్రత ఒక స్టాప్‌కు సమానమని గుర్తుపెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ సులువవుతాయి.

ఇంగ్లండ్‌లో పనిచేసిన ఫెర్డినాండ్ హర్టర్, వీరో చార్లెస్ డ్రిఫీల్డ్ 1890లో ప్రచురించిన పరిశోధన ఎక్స్‌పోజర్‌కూ సాంద్రతకూ గల సంబంధాన్ని ఒక వక్రరేఖగా గీసి చూపింది. ఆ రేఖకు అడుగున నీడలు చేరే పాదం, నడుమ వాలుగా సాగే సరళ భాగం, పైన వెలుగులు ఒకదానిమీద ఒకటి కుదించుకుపోయే భుజం ఉంటాయి. సరళ భాగపు వాలును గామా అంటారు. మామూలుగా డెవలప్ చేసిన నెగెటివ్‌లో ఈ వాలు 0.6కు అటూ ఇటూ ఉంటుంది. ఏడు స్టాప్‌ల వెలుగు తేడా ఉన్న దృశ్యం, అంటే సంవర్గమానంలో 2.1, ఈ వాలు వల్ల నెగెటివ్ మీద సుమారు 1.26 సాంద్రతలోకి ఒదిగిపోతుంది. ఏమీ పడకపోయినా ఫిల్ము బేస్‌కూ, రసాయన చర్యవల్ల వచ్చే పలుచని మసకకూ కొంత సాంద్రత ఉంటుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములలో బేస్‌కు బూడిద రంగు వేస్తారు కనుక ఇది 0.3 దాకా రావచ్చు. రెండూ కలిపినా చక్కని నెగెటివ్‌లో అత్యంత దట్టమైన భాగం 1.5 నుంచి 1.8 దగ్గర ఆగిపోతుంది. నీడలోంచి వెలుగు దాకా ఉన్న మొత్తం వివరం నాలుగైదు స్టాప్‌లలో ఇమిడి ఉందన్న ఈ విషయాన్ని స్కానర్ కొనేముందు చాలామంది గమనించరు.

స్కానర్‌కు కనబడేది

ప్రింటు తీసేటప్పుడు హైలైట్లంటే తెలుపు. స్కానర్‌కు మాత్రం అవి చీకటి. నెగెటివ్‌లో దట్టంగా ఉన్న వెండిలోంచి సెన్సర్‌కు అతి తక్కువ కాంతి చేరుతుంది, ఎలక్ట్రానిక్ పరికరమేదైనా తక్కువ కాంతిలోనే తడబడుతుంది. సెన్సర్‌లో సహజంగా పుట్టే విద్యుత్ హెచ్చుతగ్గులను నాయిస్ అంటారు. పాజిటివ్‌గా తిరగవేశాక ఆ నాయిస్ ఆకాశంలోనూ, తెల్లబట్టల్లోనూ గరకుగా బయటపడుతుంది. రంగుల స్లైడ్ స్కాన్ చేసినప్పుడు అది నీడల్లో దాక్కుంటుంది కాబట్టి అంతగా కనబడదు, నెగెటివ్‌లో దానికి దాక్కునే చోటు లేదు.

తయారీదారులు స్కానర్ పెట్టెల మీద ముద్రించే సాంద్రతా పరిధి అంకెలను కొంత అనుమానంతోనే చూడాలి. 16 బిట్‌లకు 65,536 మెట్లు ఉంటాయి. ఆ సంఖ్యకు సంవర్గమానం తీస్తే 4.8 వస్తుంది. కొన్ని ఫిల్ము స్కానర్ల వివరణ పత్రాల్లో కనబడే 4.8 అనే అంకె ఈ గణితం నుంచి వచ్చిందే గానీ, అంత దట్టమైన ఫిల్మును చదివి చూసి రాసింది కాదు. అసలు సామర్థ్యం తెలుసుకోవడానికి మెట్ల ఫిల్ము అనే సాధనం ఉంది. స్టాఫర్ సంస్థ తయారుచేసే 21 మెట్ల పట్టీలో ఒక్కో మెట్టు 0.15 సాంద్రత పెరుగుతూ సుమారు 3.05 దాకా పోతుంది. దాన్ని స్కాన్ చేసి, ఏ మెట్టు దగ్గర పక్కపక్క గళ్లు విడివిడిగా కనబడటం మానేశాయో చూస్తే ఆ పరికరపు నిజమైన హద్దు తెలిసిపోతుంది. ఇళ్లలో వాడే ఫ్లాట్‌బెడ్ స్కానర్లు కూడా 2.0 మెట్టును మామూలుగా దాటగలుగుతాయి గనుక, సక్రమంగా డెవలప్ చేసిన నెగెటివ్‌కు అవి చాలు. హద్దు మరీ దగ్గరగా తగిలితే ఒకే గీతను పలుమార్లు చదివి సగటు తీసే పద్ధతి ఉంది. నాయిస్ చదివిన సార్ల సంఖ్యకు వర్గమూలం చొప్పున తగ్గుతుంది, అంటే నాలుగుసార్లు చదివితే సగానికి, పదహారుసార్లు చదివితే నాలుగో వంతుకు దిగుతుంది.

ముద్రణ సంస్థలకోసం పుట్టిన డ్రమ్ స్కానర్లలో ఫిల్మును పారదర్శకమైన స్తూపానికి నూనెతో అంటించి గిరగిరా తిప్పుతూ, సెన్సర్‌కు బదులు ఫొటో మల్టిప్లయర్ గొట్టంతో చదువుతారు. అతి తక్కువ కాంతిని కూడా పట్టగల ఆ గొట్టం దట్టమైన నెగెటివ్‌లకు ఇప్పటికీ సాటిలేనిది, కానీ ఆ యంత్రాలను బాగుచేసేవారూ, నడిపేవారూ అరుదైపోయారు.

వెండి కాంతిని చెదరగొట్టడం

లోహపు వెండి రేణువులు కాంతిని మింగడంతో ఆగక పక్కలకు చెదరగొడతాయి కూడా. దీనివల్ల ఒకే నెగెటివ్ సాంద్రత, దాన్ని ఏ రకం కాంతితో కొలిచారనే దాన్నిబట్టి మారుతుంది. నలుదిక్కులనుంచి వచ్చే మెత్తని కాంతితో కొలిస్తే, ఒక దిక్కుకు చెదిరిపోయిన కిరణం స్థానంలో మరో దిక్కునుంచి వచ్చినది లెన్స్‌ను చేరుతుంది. సమాంతర కిరణాలతో కొలిస్తే చెదిరిన కాంతి చెదిరినట్టే పోయి, వెండి ఉన్నదానికన్నా దట్టంగా లెక్కకొస్తుంది. ఆంద్రే కాలియర్ 1909లో వివరించినందువల్ల దీనికి కాలియర్ ప్రభావమని పేరు వచ్చింది. రెండు సాంద్రతల నిష్పత్తిని కాలియర్ గుణకం అంటారు. అది 1.3 ఉందనుకుంటే మెత్తని కాంతిలో 1.2గా ఉన్న ప్రతిబింబ సాంద్రత సమాంతర కాంతిలో 1.56 అవుతుంది, అంటే పంచె ఒక స్టాప్‌కు పైగా అదనపు చీకటిలోకి వెళ్తుంది. కండెన్సర్ ఎన్‌లార్జర్‌లో ప్రింటు కాంట్రాస్టు ఎక్కువగా, డిఫ్యూజన్ ఎన్‌లార్జర్‌లో తక్కువగా రావడానికి ఇదే కారణమని చీకటిగదిలో పనిచేసినవారికి అనుభవంలో తెలిసిందే.

స్కానర్లలో కూడా ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఎల్‌ఈడీ కాంతిని ఇరుకుగా పంపే నికాన్ కూల్‌స్కాన్ తరహా ఫిల్ము స్కానర్లు పదునైన చిత్రాన్నిస్తాయిగానీ, వెండి నెగెటివ్‌లలో రేణువునూ, గీతలనూ, హైలైట్ల కాంట్రాస్టునూ పెంచి చూపిస్తాయి. మినోల్టా సంస్థ 2003లో తెచ్చిన డిమాజ్ స్కాన్ ఎలైట్ 5400లో కాంతిని మెత్తబరిచే పలకను గ్రెయిన్ డిజాల్వర్ అనే పేరుతో అమర్చింది. అది రేణువును నిజంగా కరిగించదు, కాలియర్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. ఫ్లాట్‌బెడ్‌లలో కాంతి స్వతహాగా మెత్తగా ఉండటంవల్ల, పదును తక్కువైనా హైలైట్ల విషయంలో అవి ఖరీదైన ఫిల్ము స్కానర్లకన్నా ఒక్కోసారి మెరుగనిపిస్తాయి.

దుమ్మును తొలగించే పరారుణ సౌకర్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రంగుల ఫిల్ములోని అద్దకాలు పరారుణ కిరణాలను అడ్డగించవు, దుమ్ము అడ్డగిస్తుంది. ఆ తేడాను చూసి డిజిటల్ ఐస్ వంటి సాఫ్ట్‌వేర్ మచ్చలను చెరిపేస్తుంది. వెండి మాత్రం పరారుణ కిరణాలను కూడా అడ్డగిస్తుంది. అందువల్ల మామూలు నలుపు తెలుపు ఫిల్ము మీద ఈ సౌకర్యం నడిపితే, వెండి దట్టంగా ఉన్న హైలైట్లనే దుమ్మనుకుని అలికేస్తుంది. ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ వంటివి దీనికి మినహాయింపు. వాటిని రంగుల ఫిల్ము రసాయనాలలోనే డెవలప్ చేస్తారు, చివరికి వెండి పోయి అద్దకమే మిగులుతుంది. అద్దకం కాంతిని చెదరగొట్టదు కాబట్టి ఇటువంటి ఫిల్ములో ఎక్కువ ఎక్స్‌పోజర్ పడిన హైలైట్లు కూడా ఆశ్చర్యం కలిగించేంత సాఫీగా స్కాన్ అవుతాయి.

దారితప్పిన కాంతి

దట్టమైన భాగాలకు మరో ప్రమాదం ఫ్లేర్, అంటే లెన్స్ లోపలా, గాజు పలకల నడుమా అటూ ఇటూ తగిలి చోటుకాని చోట చేరే కాంతి. నెగెటివ్ చుట్టూ ఖాళీగా వెలిగే గాజునుంచీ, ఫిల్ము అంచు రంధ్రాలనుంచీ ఇది ఎక్కువగా వస్తుంది. దట్టమైన భాగంలోంచి నూరో వంతు కాంతే రావలసి ఉండగా, దారితప్పినది మరో నూరో వంతు వచ్చి కలిస్తే 2.0 సాంద్రత 1.7గా నమోదవుతుంది, పలుచని భాగంలో సగం కాంతికి నూరో వంతు కలిసినా తేడా తెలియదు. ఆ విధంగా ఫ్లేర్ నీడలను వదిలి హైలైట్లను మాత్రమే ఎంచుకుని చదును చేస్తుంది. నెగెటివ్ చుట్టూ నల్ల కాగితంతో చట్రం కత్తిరించి పెట్టడం కారుచౌక ఉపాయమే అయినా దీనికి సమమైన మందు మరొకటి లేదు. ఫ్లాట్‌బెడ్‌లలో స్కానర్ తన కాంతిని సరిచూసుకునే చిన్న కిటికీ ఒకటి హోల్డర్ తలభాగంలో ఉంటుంది. నల్ల కాగితం దాన్ని కప్పేస్తే స్కాన్‌లో నిలువు చారలు వస్తాయి కనుక దాన్ని తెరిచే ఉంచాలి.

ఎక్స్‌పోజర్, కోత

స్కానర్ తెలివిగా ఉండాలన్న ఉద్దేశంతో సాఫ్ట్‌వేర్ చేసే స్వయంచాలక సవరింపులే హైలైట్లకు అసలు శత్రువు. ప్రివ్యూ చూపగానే అది చిత్రంలోని మెట్ల పంపిణీని, అంటే హిస్టోగ్రామ్‌ను, రెండు చివర్లా కొద్దిగా కత్తిరించి మిగిలినదాన్ని సాగదీస్తుంది. కత్తిరింపు చిన్నదే అయినా, పెళ్ళి ఫొటోలో వరుడి పంచె, వధువు పూలు, వెనుక తెల్ల తెర తప్ప మరో హైలైటు లేకపోతే ఆ చిన్న ముక్కలో పోయేది వాటి వివరమే. దీన్ని నివారించడానికి స్వయంచాలక సవరింపులను ఆపి, చివరి కొసలను హిస్టోగ్రామ్ అంచులకు ఆవల ఉంచి, 16 బిట్‌లలో టిఫ్ ఫైలుగా భద్రపరచాలి. ఆ దశలో చిత్రం చప్పగా, బూడిదగా కనిపించడం లోపం కాదు. కాంట్రాస్టును తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు, కత్తిరించి పారేసినదాన్ని మాత్రం తిరిగి తేలేము.

పనిలో ఆరితేరినవారిలో చాలామంది నెగెటివ్‌ను నెగెటివ్ అని చెప్పకుండా, పాజిటివ్ ఫిల్మనే సాఫ్ట్‌వేర్‌కు చెప్పి, ఏ వక్రరేఖా వేయని ముడి ఫైలును తీసుకుంటారు. 1998 నుంచి వస్తున్న వ్యూస్కాన్‌లోనూ, జర్మనీలోని కీల్ నగరపు లేజర్‌సాఫ్ట్ సంస్థ తెచ్చిన సిల్వర్‌ఫాస్ట్‌లోనూ ఇందుకు సౌకర్యం ఉంది. ఎక్స్‌పోజర్‌ను స్థిరపరచడానికి ఆధారం ఫిల్ము బేస్: బొమ్మ లేని అంచు భాగం సెన్సర్ నిండిపోయే హద్దుకు కాస్త కిందుగా నమోదయ్యేటట్లు పెడితే, దట్టమైన భాగాలకు సాధ్యమైనంత ఎక్కువ కాంతి దక్కుతుంది. హైలైట్లు పోతున్నాయన్న భయంతో ఎక్స్‌పోజర్ తగ్గించేవారు సరిగ్గా తలకిందులుగా పనిచేస్తున్నారన్నమాట. సెన్సర్ నిండిపోయి నష్టపోగలిగేది పలుచని నీడల భాగం. తెల్లని వాటికి కావలసింది మరింత వెలుగు.

సాఫ్ట్‌వేర్‌లో బహుళ ఎక్స్‌పోజర్ అనే ఏర్పాటు కూడా ఉంటుంది. ఒకసారి మామూలుగా, మరోసారి ఎక్కువసేపు కాంతినిచ్చి చదివి రెండింటినీ కలపడం దాని పద్ధతి. బాగా దట్టమైన పాత నెగెటివ్‌లకు ఇది పనికొస్తుంది. అయితే రెండో దఫాలో స్కానర్ తల వెంట్రుకవాసి పక్కకు జరిగినా పదును పోతుంది కాబట్టి, మామూలు నెగెటివ్‌కు దీన్ని వాడటం అనవసరపు శ్రమ.

తిరగవేసే లెక్క

హైలైట్లు అత్యధికంగా నష్టపోయే చోటు నెగెటివ్‌ను పాజిటివ్‌గా మార్చే దశ. ఫొటో సాఫ్ట్‌వేర్‌లోని ఇన్వర్ట్ ఆజ్ఞ ప్రతి అంకెనూ గరిష్ఠ విలువనుంచి తీసివేస్తుంది. నెగెటివ్ మీద ఉన్నది సంవర్గమానపు కొలత. తీసివేత దానికి పొసగదు.

ఒక పాత స్టూడియో నెగెటివ్‌ను లైట్‌బాక్స్ మీద పెట్టి భూతద్దంతో చూస్తే, పంచె దాదాపు నల్లగా, అందులో మడతలు కాస్త తక్కువ నల్లని చారలుగా కనబడతాయి. పంచె సాంద్రత 1.5, మడత నీడ 1.4 అనుకోవాలి. అదే నెగెటివ్‌లో నల్లకోటు 0.3, దాని మడత అంచు 0.4 అనుకోవాలి. రెండు చోట్లా తేడా ఒకటే, 0.1. ముడి ఫైలులో ఉన్నది ప్రసరణ కొలత గనుక, కోటులో ఆ 0.1 తేడా 8 బిట్‌ల కొలబద్ద మీది 255 మెట్లలో సుమారు 26 మెట్లు ఆక్రమిస్తుంది. పంచెలో అదే తేడాకు దక్కేది 2 మెట్లు. తీసివేసినంతమాత్రాన ఈ వాటాలు మారవు. చిత్రం తిరగబడుతుంది, పంచెకు మాత్రం ఆ రెండు మెట్లే మిగులుతాయి. తెరకోసం 2.2 గామాతో సవరించిన ఫైలును తిరగవేస్తే పరిస్థితి కొంత మెరుగై, పంచె మడతకు సుమారు 6 మెట్లు వస్తాయి. అదే ప్రసరణకు బదులు సాంద్రతను లెక్కగట్టి, 0.3 నుంచి 1.5 దాకా ఉన్న 1.2 వ్యత్యాసాన్ని సమానంగా పంచితే కోటుకూ, పంచెకూ చెరి 21 మెట్లు దక్కుతాయి. స్కానర్‌నూ, ఫిల్మునూ ముట్టుకోకుండానే, ఒక్క లెక్క మార్చడంతో మడత కళ్లముందుకు వస్తుంది.

సినిమా రంగం ఈ సంగతిని ముందే గుర్తించింది. కొడాక్ సంస్థ 1990ల ఆరంభంలో రూపొందించిన సినియాన్ పద్ధతిలో నెగెటివ్‌ను ప్రసరణగా కాక సాంద్రతగా నమోదు చేస్తారు. 10 బిట్‌ల 1,024 మెట్లలో ఒక్కో మెట్టు 0.002 సాంద్రతకు సమానం, మొత్తం పరిధి 2.0కు కొంచెం ఎక్కువ. 16 బిట్‌ల ఫైళ్లు మోయలేని ఆనాటి కంప్యూటర్లు 10 బిట్‌లతోనే సినిమా నెగెటివ్ మొత్తాన్ని పట్టగలిగాయంటే, మెట్లను సరైన చోట ఖర్చుపెట్టడమే కారణం. 1937 నాటి వాల్ట్ డిస్నీ చిత్రం స్నోవైట్ 1993లో పునరుద్ధరణ పొందింది ఈ పద్ధతిలోనే.

ఫొటోగ్రాఫర్లకు ఇదే ఫలితం రెండు దారుల్లో వస్తుంది. మొదటిది, నెగెటివ్ ఫిల్ముల కోసమే రాసిన సాఫ్ట్‌వేర్ చేత తిరగవేయించడం. అందులో తీసివేతకు బదులు భాగహారం, ఫిల్ము గామాకు తగిన సవరణ, ఎన్‌లార్జింగ్ కాగితపు నడకను పోలిన వక్రరేఖ ఉంటాయి. రెండోది, ముడి ఫైలును మామూలుగా తిరగవేసి, కర్వ్స్ పనిముట్టులో తెలుపు కొసకు దగ్గరి భాగాన్ని కిందికి లాగి, అక్కడి వాలును నిటారుగా చేయడం. రెండో దారిలో 8 బిట్‌ల ఫైలు పనికిరాదు, ఎందుకంటే రెండు మెట్లను సాగదీస్తే వచ్చేది మడత కాదు, పట్టీలు పట్టీలుగా విరిగిన తెలుపు. 16 బిట్‌ల ఫైలులో అదే చోట కొన్ని వందల మెట్లుంటాయి గనుక సాగదీసినా తట్టుకుంటుంది. పదును పెంచే పనిని అన్నిటికన్నా చివర చేయాలి. ఆ పనికి వాడే అన్‌షార్ప్ మాస్క్ అంచుల పక్కన తెల్లని గీతను సృష్టించి, జాగ్రత్తగా కాపాడుకున్న హైలైటును ఆఖరు నిమిషంలో హద్దు దాటిస్తుంది.

నెగెటివ్ స్వభావం

నీడలకు ఎక్స్‌పోజర్, వెలుగులకు డెవలప్‌మెంటు అన్న పాత సూత్రం స్కానింగ్‌కు కూడా వర్తిస్తుంది. డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచితే నీడల్లో పెద్దగా మార్పు రాదు, హైలైట్లు మాత్రం దట్టమవుతూనే పోతాయి. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో రూపుదిద్దిన జోన్ విధానం ఈ గుణాన్నే ఆధారం చేసుకుంది. స్కానింగ్ కోసమే తీసే నెగెటివ్‌లను మామూలుకన్నా కొద్దిగా తక్కువసేపు డెవలప్ చేయడం మంచిది, ఎందుకంటే కాంట్రాస్టు పెంచడం కంప్యూటర్‌లో తేలిక, పొంగిన సాంద్రతను తవ్వడం కష్టం. 1986లో వచ్చిన కొడాక్ టీ-మ్యాక్స్ వంటి పలక స్ఫటికాల ఫిల్ములలో సరళ భాగం చాలా పొడవు, భుజం ఆలస్యంగా వస్తుంది. వాటిలో హైలైట్ల వివరం నిలిచే ఉంటుంది గానీ, డెవలప్‌మెంటు హద్దుమీరితే సాంద్రత ఆగకుండా పెరిగిపోతుంది.

పైరోగాలాల్ డెవలపర్లు వెండితోపాటు పసుపు ఆకుపచ్చల మధ్య రంగు మరకను కూడా మిగులుస్తాయి. ఆ మరక వెండి ఎక్కువున్నచోట ఎక్కువగా చేరి, నీలి కాంతిని బాగా అడ్డగించి, ఎరుపును దాదాపు వదిలేస్తుంది. ఇటువంటి నెగెటివ్‌ను రంగుల్లో స్కాన్ చేస్తే నీలి చానెల్లో కాంట్రాస్టు అధికంగా, ఎరుపులో తక్కువగా ఉండే మూడు వేర్వేరు నెగెటివ్‌లు దొరికినట్టే. హైలైట్లు నలిగిపోతున్నాయనిపిస్తే ఎరుపునో, ఆకుపచ్చనో తీసుకోవచ్చు. మరక లేని వెండి నెగెటివ్‌లో మూడు చానెళ్లూ ఒకటే చెబుతాయి, వాటిలో పదునైనదాన్ని ఉంచుకుని మిగతావి వదిలేయవచ్చు.

పూర్వం దట్టమైన నెగెటివ్‌ను పలుచన చేయడానికి హొవర్డ్ ఫార్మర్ 1883లో సూచించిన ద్రావణం వాడేవారు. పొటాషియం ఫెర్రీసయనైడ్, హైపో కలిసి వెండిని కొంత కరిగిస్తాయి. ఇప్పుడు ఆ పనికి పూనుకోవడం తెలివితక్కువ. స్కానర్‌లో ఎక్స్‌పోజర్ పెంచితే పోయేదానికి మళ్లీ దొరకని నెగెటివ్‌ను పణంగా పెట్టడం ఎందుకు?

కెమెరాతో స్కానింగ్

కొత్త ఫిల్ము స్కానర్లు అరుదైన ఈ కాలంలో లైట్‌బాక్స్ మీద నెగెటివ్‌ను పరిచి, మాక్రో లెన్స్ తగిలించిన డిజిటల్ కెమెరాతో ఫొటో తీయడం బాగా వ్యాపించింది. నెగెటివ్‌లో ఉన్నది నాలుగైదు స్టాప్‌లే, 14 బిట్‌ల ముడి ఫైలునిచ్చే కెమెరా అంతకు రెట్టింపు పట్టగలదు గనుక హైలైట్ల విషయంలో ఈ పద్ధతికి ఢోకా లేదు. ప్యానెల్ కాంతి మెత్తగా ఉండటంవల్ల కాలియర్ ప్రభావమూ తక్కువే. ఇక్కడ చెడగొట్టేది మళ్లీ ఫ్లేరే: పెద్ద లైట్‌బాక్స్ మీద చిన్న నెగెటివ్ పెట్టి, చుట్టూ వెలుగును అలాగే వదిలేస్తే లెన్స్‌లోకి దూసుకొచ్చే కాంతి పంచెను పాలిపోయేలా చేస్తుంది. గదిలో దీపాలు ఆర్పడం, నల్ల చట్రం వేయడం, ఫిల్ము మెరిసే వైపు గాజుకు తగలకుండా చూడటం అవసరం. మెరిసే బేస్ గాజుకు ఆనితే కాంతి తరంగాల వ్యతికరణం వల్ల న్యూటన్ వలయాలు ఏర్పడి, అవి ఆకాశం వంటి చదునైన హైలైట్లలోనే మరీ కొట్టొచ్చినట్టు కనబడతాయి.

గాజు పలకలు, పాత సేకరణలు

పందొమ్మిదో శతాబ్దపు గాజు నెగెటివ్‌ల తీరు వేరు. ఆల్బుమెన్ కాగితం మీద ఎండలో ప్రింటు వేయడానికి ఉద్దేశించినవి కాబట్టి వాటిని ఆధునిక ఫిల్ముకన్నా చాలా దట్టంగా డెవలప్ చేసేవారు. వాటి సాంద్రతా వ్యత్యాసం 2.0 దాకా ఉండటం అసాధారణం కాదు. బహుళ ఎక్స్‌పోజర్, పలుమార్లు చదవడం వంటి ఏర్పాట్లు నిజంగా అక్కరకొచ్చేది ఇటువంటి చోట. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడై, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు పొంది, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన లాలా దీన్‌దయాళ్ (1844-1905) పలకలు ఈ కోవలోని ప్రసిద్ధ ఉదాహరణ. ఆయన స్టూడియోల గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. హైదరాబాదు కోటలూ, దర్బారులూ, వేటలూ వాటిలో ఉన్నాయి.

ఆ కాలపు పలకలు నీలి కాంతికే ప్రధానంగా స్పందించేవి. నీలాకాశం వాటిమీద విపరీతంగా పడి, మబ్బులు సహా ఒకే దట్టమైన పొరగా మారేది. అటువంటి ఆకాశంలో ఎంత గొప్ప స్కానర్‌తో వెదికినా మబ్బు దొరకదు, నమోదు కానిది తిరిగి రాదు. పైగా కొందరు ఛాయాచిత్రకారులు ఆకాశం మచ్చలు లేకుండా అచ్చుపడాలని పలక వెనుక ఆ భాగమంతా అపారదర్శకమైన రంగు పూసేవారు. ముఖాల మీద పెన్సిలుతో చేసిన రీటచింగ్ కూడా దట్టమైన చోట్లనే ఉంటుంది. నున్నని చర్మం కోసం గీసిన సన్నని గీతలు సమాంతర కాంతిలో విడివిడిగా బయటపడతాయి, మెత్తని కాంతిలో మళ్లీ చర్మంలో కలిసిపోతాయి.

తెలుగు సినిమా విషయంలో 1957 నాటి మాయాబజార్‌ను చెప్పుకోవచ్చు. మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణంలో ప్రసిద్ధికెక్కిన దాని వెన్నెల దృశ్యాలలో అందమంతా నీటిమీది తళుకులోనూ, నగల మెరుపులోనూ ఉంది, అంటే నెగెటివ్‌లో అత్యంత దట్టమైన చోట్ల ఉంది. ఆ చిత్రపు రంగుల రూపం 2010లో విడుదలైంది. నలుపు తెలుపు చిత్రానికి రంగు వేసేటప్పుడు వెలుగునీడల మోతాదు మూల చిత్రంనుంచే రావాలి, రంగు దానిమీద పరుచుకుంటుంది. హైలైటు వివరం లేకుండా స్కాన్ అయినచోట వేసిన రంగు నగమీద మెరుపుగా కాక, చదునైన పసుపు మచ్చగా నిలబడిపోతుంది.

సేకరణశాలలు ఒక్కో నెగెటివ్‌కు రెండు ఫైళ్లు ఉంచుకోవడం మంచి పద్ధతి. ఒకటి తిరగవేయని, కత్తిరించని 16 బిట్‌ల ముడి స్కాన్. ఫిల్ము అంచు, బేస్ కనబడేటట్లు కొద్దిగా వెడల్పుగా తీసి, పక్కన మెట్ల పట్టీని కూడా చేరిస్తే ముందుముందు ఎవరైనా అసలు సాంద్రతలను లెక్కగట్టుకోగలుగుతారు. రెండోది చూడటానికీ, ముద్రించడానికీ సవరించిన పాజిటివ్. ముద్రణకు పంపేదానిలో పంచె తెలుపును కాగితపు తెలుపుకన్నా కాస్త కిందనే ఆపాలి, ఎందుకంటే ముద్రణలో అతి సన్నని చుక్కలు కాగితం మీద నిలవక రాలిపోయి, తెరమీద కనిపించిన చివరి మడత అచ్చులో మాయమవుతుంది.